గోడ మీద సున్నపు బొట్లు

మా వెనక వసారా గోడకు రంగు వేయించి తొమ్మిదేళ్ళయింది. పోయిన వారం రంగులాయన వచ్చి గోడంతా అరచేత్తో తడిమి చూసి, ఒకచోట ఆగాడు.

"ఏంమ్మా ఇది? పిల్లోళ్ళు గానీ ఆడుకున్నారా?"

లేత నీలం గోడ మీద రెండు వరసలున్నాయి. ఎడమవైపు పెన్సిలు గీతలు, ఒక్కో గీత పక్కన తేదీ. కుడివైపు సున్నపు బొట్లు. వాటికి తేదీలు లేవు.

"సున్నం మీద రంగు నిలబడదమ్మా. పెచ్చులు లేసి రాలిపోతాది. గీకాల్సిందే," అన్నాడు.

రేపు రమ్మని పంపేశాను. పెన్సిలు గీతలు నావి. సున్నపు బొట్లు పెట్టినామె పోయిందని ఆమె భర్త ఫోను చేసి అప్పటికి నాలుగు రోజులే అయింది. మా ఇద్దరికీ వచ్చిన ఆ జబ్బుతో కాదు. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుము వాలుస్తానని పడుకుని మళ్ళీ లేవలేదట.

ఆమె పేరు ఇక్కడ రాయను. నా డైరీల్లో కూడా లేదు. ఆసుపత్రిలో చేరిన రోజు "పక్క మంచం" అని రాసుకున్నాను, ఎనిమిదేళ్ళూ అదే నడిచింది. పక్క మంచం వచ్చింది. పక్క మంచానికి జ్వరం తగ్గింది. పక్క మంచం ఫోను. ఆమె కూడా నా పేరు ఎన్నడూ అడగలేదు. మొదటి పూట "యమ్మా" అంది, సాయంత్రానికి "యక్కా" అయింది, అంతే.

నేను కాలువల శాఖలో ముప్ఫై రెండేళ్ళు పని చేసి రిటైరైనదాన్ని. ఊరూరా గేజీల దగ్గర లస్కర్లు, అంటే కాలువ కాపలావాళ్ళు, చూసి పంపిన నీటి మట్టాలను పుస్తకంలోకి ఎక్కించడం నా పని. ఇంట్లో డైరీ అంతకు ముందునుంచీ ఉంది. స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలిన రోజు కూడా "ఎడమ, పైవైపు, చింతగింజంత, నొప్పి లేదు" అని రాసి, ఆ తర్వాతే చెల్లెలికి ఫోను చేశాను. ఆమె కడప నుంచి మొదటి బస్సుకు వచ్చి, "గడ్డ కంటే ముందు నీ డైరీని కోసేయాల యక్కా," అని ఏడ్చింది.

కర్నూలు ఆసుపత్రిలో ఆడవాళ్ళ సర్జరీ వార్డు. నాది కిటికీకి రెండో మంచం, ఆమెది కిటికీ మంచం. నాది ఎడమ, ఆమెది కుడి. ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషను.

ముందురోజు నర్సు వచ్చి ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని చెప్పింది. నేను చేతి గడియారం తీసి ఇచ్చాను. మా ఆయన పోయి అప్పటికి పదేళ్ళు, తీయడానికి అంతకంటే ఏమీ లేదు. పక్క మంచం ఆమె తాళి తీసి భర్త చేతికిచ్చి, పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టుకుంది. మెట్టెల దగ్గర ఆగిపోయింది పని. పెళ్ళినాడు తొడిగినవి, కండలోకి దిగిపోయాయి. భర్త నేల మీద కూర్చుని ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని సబ్బు రాశాడు, కొబ్బరినూనె రాశాడు, దారం చుట్టి లాగాడు.

"లాగబ్బా గట్టిగా! వేలు ఊడొస్తే ఊడొచ్చె. రేపు ఎట్లాగూ కుట్టేటోళ్ళే గదా, దాన్ని గూడా కుట్టేస్తారు," అంది ఆమె.

"నీ నోటికి బీగం ఏసే డాక్టరు యాడున్నాడో," అన్నాడు ఆయన, దారం పళ్ళతో తెంపుతూ. వార్డు వార్డంతా నవ్వింది.

వక్కాకు సంచి నర్సు తీసుకుపోయింది. ఆకులూ వక్కలూ పోయాయి గానీ సున్నపు డబ్బీ మాత్రం ఆమె కొంగు ముడిలోకి చేరింది. ఆ డబ్బీ ఎందుకో నాకు మర్నాడు పొద్దున తెలిసింది. డాక్టరు వచ్చి, కోయవలసిన పక్క పెన్నుతో గుర్తు పెట్టి పోయాడు. ఆయన అటు పోగానే ఆమె వేలితో సున్నం తీసుకుని రెండో పక్క, మంచి పక్క, ఇంత బొట్టు పెట్టుకుంది. నర్సు చూసి గుండెలు బాదుకుంది.

"ఏం పని ఇది? రెండు పక్కలా గుర్తులుంటే లోపల ఏ పక్క కోస్తారు?"

"ఆయప్పది కొయ్యమని గుర్తు. నాది ముట్టొద్దని గుర్తు. కళ్ళంలో రాశి పోసినాంక సుట్టూ సున్నం గీత గీస్తాం తల్లీ. గీత గీసింది ఎవురూ ముట్టరు."

నర్సు స్పిరిటు దూదితో ఆ బొట్టు తుడిచేసి, డాక్టరు గుర్తును ఇంకోసారి దిద్దించుకుని వచ్చింది. స్ట్రెచరు మీద పోతూ కూడా ఆమె, "మంచిదాన్ని కాయలేదు, సెడ్డదాన్ని కాసినారు," అని గొణుగుతూనే పోయింది.

రొమ్ము పోతోందన్న బాధ ఆమె నోట నేను వినలేదు. "ముగ్గురు పిల్లోళ్ళు తాగినారు. దాని పని అయిపాయ," అంది ఒకసారి, కుండ పగిలితే అన్నట్టు. ఆమె బెంగంతా చేతి మీద. చంకలోని గడ్డలు కూడా తీస్తారు, చెయ్యి కొన్నాళ్ళు సరిగా లేవదు అని చెప్పినప్పుడు డాక్టరును ఒకటే ప్రశ్న అడిగింది.

"చేట ఎత్తొచ్చా సారూ?"

"ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు."

"చేట బరువేముండాది సారూ? ఎత్తేది మేము, మోసేది గాలి."

పత్తికొండ దాటాక పడమటి పల్లె ఆమెది. పెద్ద రైతుల చేలల్లోకి మిషన్లు వచ్చాయి. రెండెకరాలు, మూడెకరాలున్నవాళ్ళు మాత్రం కందులు కళ్ళంలో కొట్టి, పీట మీద నిలబడి, చేటను తలకు పైగా ఎత్తి గాలికి వదులుతారు. గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, పొట్టు దూరంగా పోతుంది. ఆ ఊళ్ళో ఆ చేట ఆమెది. తన కళ్ళమే కాదు, పది ఇళ్ళవాళ్ళు పిలుచుకుపోయేవారు. గాలి ఎప్పుడు లేస్తుందో, ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసునని పేరు. వార్డులో కూడా పొద్దున్నే దూది పింజ ఒకటి కిటికీ చువ్వల్లోంచి వదిలి, అది పోయిన దిక్కు చూసి, "ఈపొద్దు తూర్పు గాలి. సన్నగుండాది," అని చెప్పేది. నేను రాసుకునేదాన్ని. ఆ పది రోజుల నా డైరీలో నాడి, జ్వరం, మాత్రలతో పాటు గాలి కూడా ఉంది.

మూడో రోజు కట్టు మార్చారు. మంచం చుట్టూ తెర లాగారు. డాక్టరు, "ఒకసారి చూసుకోండమ్మా," అన్నాడు. నేను కళ్ళు మూసుకుని మొహం అటు తిప్పుకున్నాను. చూసింది రాయడమే జీవితమంతా చేసిన పని. నా ఒంటిని నేను చూడలేకపోయాను. డాక్టరు పోయాడు. నర్సు కొత్త కట్టు కోసం పోయింది. తెర అంచు కదిలింది. పక్క మంచం ఆమె, చంక కింది గొట్టానికి తగిలించిన తన సీసా ఎడమ చేత్తో పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చింది.

"నువ్వు సూడాకు యక్కా. నేను సూసి సెప్తా, రాసుకో."

నేను కళ్ళు తెరవలేదు. ఆమె చాలాసేపు చూసినట్టుంది.

"బాగుండాది. సక్కగా అలికిన కళ్ళం మాదిరి ఉండాది. ఆ కొసాకు ఈ కొసాకు సీమల బారు పోయినట్ల కుట్లు. ఎరుపు లేదు. సీము లేదు. రాసినావా?"

రాశాను. "అలికిన కళ్ళం. చీమల బారు. ఎరుపు లేదు." నాలుగు రోజుల తర్వాత ధైర్యం చేసి నేనే చూసుకున్నప్పుడు కొత్తగా ఏమీ కనిపించలేదు. అంతా ముందే రాసి ఉంది.

ఇద్దరికీ చంక కింద నుంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి వచ్చి ప్లాస్టిక్ సీసాలోకి దిగేది. లోపల ఊరే నీరు అందులో చేరుతుంది. రోజూ పొద్దున ఆరింటికి కొలిచి, రాసి, పారబోయాలి. వరసగా రెండు రోజులు ముప్ఫై మిల్లీలీటర్ల లోపు వస్తే గొట్టం తీసేసి ఇంటికి పంపుతారు. నేను నాది కొలిచి పుస్తకంలో ఎక్కించుకోవడం చూసి నర్సు, "ఎట్లాగూ రాస్తున్నారు, పక్కామెది కూడా చూసి పెట్టండమ్మా, నేను చార్టులో వేసుకుంటాను," అంది. పైకి సరే అన్నాను గానీ లోపల సంతోషమైంది. రిటైరైన మూడేళ్ళకు మళ్ళీ రెండు గేజీలు నా చేతికి వచ్చాయి.

ముప్ఫై సంగతి ఆమెకు చెప్పింది నేనే.

ఆమెది మొదటి రోజు నూట అరవై. తర్వాత నూట ముప్ఫై, నూట పది, తొంభై ఐదు, తొంభై. ఆ తొంభై వచ్చిన రోజునే ఆమె భర్త ఊరికి పోయి మళ్ళీ వచ్చాడు.

"కందులు కొట్టేది అయిపాయ. గాలి బాగుండాది. నేనే ఎత్తుతాలే, నువ్వేం దిగులు పడాకు," అన్నాడు.

"నువ్వెత్తితే గింజా పొట్టూ రెండూ నీ నెత్తినే పడతాయి," అంది ఆమె. నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆమె సీసాలో ఇరవై ఐదు ఉంది.

ఉద్యోగంలో ఉండగా ఒక లస్కరు గేజీ దగ్గరికి పోకుండా ఇంట్లో కూర్చుని అంకెలు పంపేవాడు. నేనే పట్టుకుని మెమో రాశాను. నీరు నిజంగా తగ్గితే గట్టు మీద తడి చార మిగులుతుంది. అతను నీరు దిగిందని పంపిన రోజు నేను పోయి చూస్తే పాత చార దాకా నీళ్ళే ఉన్నాయి. ఆ రోజు నుంచి నేను అంకె కంటే ముందు చారను చూస్తాను. ఆమె సీసాలో నీరు ఇరవై ఐదు దగ్గర ఉంది, తడి చార తొంభై దగ్గర ఉంది. పైగా నీరు తగ్గేకొద్దీ రంగు ఎరుపు నుంచి పసుపుకు తిరగాలి. నాది తిరిగింది. ఆమెది నిన్నటి ఎరుపే.

"ఎంత పారబోసినావు?" అన్నాను.

ఆమె బుకాయించలేదు. "నువ్వు కనిపెడతావని తెలుసు. నీవి డేగ కండ్లు యక్కా."

"డాక్టరుకు చెప్పాల."

"సెప్పాకు. గాలి నా కోసరం నిలబడుకోని ఉంటాదా? ఇంగ పది దినాలు పోతే పడిపోతాది. కుప్ప మీద మంచు పడితే కందులు ముక్కిపోతాయి. ఏడాది పంట యక్కా."

"నేను చూసిందే రాస్తాను మే. అబద్ధం రాయను."

"నేనూ అదే అంటాండా గదా. సీసాలో ఎంతుండాది? ఇరవై ఐదు. ఉండేది రాయి."

ఆ లస్కరు అయినా ఇంత తెలివిగా చెప్పలేదు. పెన్ను తీశాను. అలికిన కళ్ళం మాదిరి ఉందని నాకు చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఇరవై ఐదు అని రాశాను. మర్నాడు ఇరవై. నర్సు నా పుస్తకం చూసి చార్టులో వేసుకుంది. గొట్టం తీసేశారు. పోయేటప్పుడు ఆమె నా తలగడ అంచున సున్నపు బొట్టు ఒకటి పెట్టి, "నిన్నెవురూ ముట్టరులే ఇంగ," అని పోయింది.

రెండు వారాలకు ఆమె భర్త ఫోను చేశాడు. "సంక కింద టెంకాయంత వాపు తల్లీ. జరం. సెప్తే ఇనలే. ఇంటికొచ్చిన నాలుగోనాడే చేట పట్టింది."

ఆసుపత్రి దగ్గర కలిశాను. డాక్టరు సూదితో నీరు లాగుతున్నంతసేపూ ఆమె పళ్ళు బిగబట్టి నా చెయ్యి పట్టుకుంది. అయ్యాక నా పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను.

"ఈ రెండు అంకెలు తప్పు డాక్టరుగారూ. తెలిసే రాశాను."

"ఆయమ్మది ఏం లేదు సారూ. పారబోసింది నేను."

"రాసింది నేను."

ఆయన పుస్తకం వైపు చూసి, మా ఇద్దరి వైపు చూసి, "మీ పంచాయితీ బయట పెట్టుకోండి," అని నవ్వాడు. ఆ తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా లేపాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. పుండు మానగానే రోజూ గోడ దగ్గర నిలబడి వేళ్ళను చీమ పాకినట్టు పైకి పాకించాలని, బద్ధకిస్తే ఆ చెయ్యి అక్కడే నిలిచిపోతుందని చెప్పాడు. ఊరికి పంపితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. మా ఇంటికి తీసుకుపోయాను.

ఇరవై రోజులుంది మొదటిసారి. తర్వాత ఎక్కించే మందులకు మూడు వారాలకు ఒకసారి వచ్చి నాలుగేసి రోజులు ఉండేది. "ఈ ఇంట్లో గాలే లేదు. మీరెట్ల బతుకుతాండారో," అని వచ్చిన ప్రతిసారీ అనేది. ఇద్దరికీ జుట్టు రాలిపోయినప్పుడు అద్దం ముందు నిలబడి, "తిరపతికి పోకుండానే మొక్కు తీరిపాయ," అంది. అన్నంలోకి నా చారు ఆమెకు నచ్చేది కాదు. ఎండుమిరపకాయ ఒకటి నిప్పుల మీద కాల్చుకుని నంజుకునేది.

రోజూ పొద్దున, సాయంత్రం గోడ దగ్గర నిలబడేవాళ్ళం. నేను అందుకున్నచోట పెన్సిలు గీత గీసి తేదీ వేసేదాన్ని. ఆమె సున్నపు బొట్టు పెట్టేది. గోడకు క్యాలెండరు తగిలించిన మేకు ఉంది. అదే చేట ఎత్తు అని ఆమె లెక్క. మేకు దాటిందంటే చెయ్యి తనదే.

నెల రోజులకు నాది మేకును దాటింది. ఆమెది పెదవి ఎత్తు దగ్గర, కంటి ఎత్తు దగ్గర ఆగుతూ పోయింది. ఒకరోజు వేళ్ళు ముందురోజు బొట్టుకు బెత్తెడు కిందే నిలిచిపోయాయి. ఎంత పాకించినా కదల్లేదు. నేను చూడనట్టు పక్కకు తిరిగి బట్టలు మడతపెట్టసాగాను.

"ఏమిటికి తిరుక్కుంటావు యక్కా? దిగింది గదా. దిగిందే పెట్టల్ల. ఒగపారి అబద్ధం సెప్పి సూసినా గదా," అని కిందే బొట్టు పెట్టింది.

ఆఖరి విడత మందుకు వచ్చేనాటికి ఆమె బొట్లు మేకుకు జానెడు కింద ఉన్నాయి. నాలుగు రోజుల్లో రెండు వేళ్ళ ఎత్తు కూడా పెరగలేదు. ఊరికి పోయే రోజు పొద్దున నేను ఆమె మాత్రల చీటీ తీసుకుని మందుల కొట్టుకు పోయాను. తిరిగి వచ్చేసరికి సంచి సర్దుకుని వసారాలో నిలబడి ఉంది.

"సూడు యక్కా. మేకు దాటినా."

మేకుకు మూరెడు పైన తెల్లటి బొట్టు. ఇంకా ఆరలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె బస్సుకు టైమైపోతోంది. ఆటో ఎక్కించి వచ్చి "పక్క మంచం మేకు దాటింది" అని డైరీలో రాశాను. ఎత్తు కొలవలేదు. నా డైరీల్లో కొలవకుండా రాసిన రీడింగు అదొక్కటే. సంతోషంలో ఉన్నవాళ్ళకు తడి చార కనిపించదు.

ఆ చలికాలం బస్సు కండక్టరు చేతికిచ్చి ఒక సంచి కందులు పంపింది. పళ్ళెంలో పోసి వేలితో కెలికి చూశాను. ఒక్క పుల్ల లేదు, ఒక్క పొట్టు లేదు. ఫోను చేసి, "ఎవరు ఎత్తినారు మే?" అన్నాను.

"ఇంగెవురు? మా ఆయన ఎత్తింటే నువ్వు ఉగాది దాకా గింజలు ఏరుకుంటా కూసోవాల్సిందే."

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "నిజమే తల్లీ. పీట కదలకుండా పట్టుకోని నిలబడేదే నా పని."

అప్పటినుంచి ఏటా ఒక సంచి వచ్చింది. ఈ ఏటిది వంటింటి డబ్బాలో ఇంకా సగం ఉంది.

రంగులాయన మర్నాడు వచ్చేలోపల టేపు పెట్టి గీతలూ బొట్లూ కింది నుంచి వరసగా కొలిచి డైరీలో ఎక్కించుకున్నాను. దిగిన బొట్టు కూడా ఎక్కించాను. అన్నిటికంటే పైదాని దాకా టేపు ఎత్తలేకపోయాను. నా చెయ్యి ఇప్పుడు అంత ఎత్తు పోదు, వయసు. రంగులాయన వచ్చాక, గీకెయ్యమని చెప్పి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన కింది నుంచి గీక్కుంటూ పోయాడు. సున్నం పొడిపొడిగా రాలింది. మేకు దాటాడు. పై బొట్టు కోసం చెయ్యి చాచాడు. అందలేదు. మునివేళ్ళ మీద లేచాడు. ఆయన మంచి పొడుగు మనిషి. ఆమె నా భుజం దాకా ఉండేది.

"దీనికి పీట కావాలమ్మా," అన్నాడు.

వసారా మూలలో ముక్కాలి పీట ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దాని అంచున వేలెడు తెల్ల మరక ఉంది. కాకి రెట్ట అనుకుని ఈ ఎనిమిదేళ్ళలో రెండుసార్లు తోమాను, పూర్తిగా పోలేదు.

"ఏంమ్మా, నగుతాండారు?" అన్నాడు రంగులాయన.

"ఏం లేదప్పా. పీట వద్దు. దాన్ని వదిలెయ్."

"వదిలేస్తే ఆడ రంగు నిలబడదమ్మా. మచ్చ కనపడతాది."

"కనపడనీ. అది మాత్రం ముట్టాకు."

ఆయన పోయాక పాత డైరీ వెతికి తీశాను. "పక్క మంచం మేకు దాటింది" అన్న చోట, పక్కన ఆనాటి తేదీ వేసి, దిద్దుబాటు రాశాను. పీట మీద నిలబడి.

డైరీ మూయబోయి ఆగాను. వంటింటి డబ్బాలోని కందులు గుర్తొచ్చాయి. దిద్దుబాటు కింద ఇంకో వాక్యం చేర్చాను. చేట ఎత్తేది కూడా పీట మీద నిలబడే.